తీగకు గుచ్చిన కవరు

1966 వానాకాలంలో తాలూకా ఆఫీసులకు కొత్త గుమాస్తాలను తీసుకుంటామని సర్కారు ప్రకటించింది. ఇరవై ఐదేళ్లు దాటినవాళ్లు దరఖాస్తు పెట్టకూడదు. హీరాలాల్‌కు అదే ఆఖరి ఏడు. దామరచర్ల దగ్గరి తండాలో హెచ్చెస్సీ పాసైనవాడు అతనొక్కడే. తండాకు పోస్టు రాదు. అందుకే మిర్యాలగూడలో తాను పనిచేసే సీతారామయ్య సేటు రైసు మిల్లు చిరునామా రాశాడు. రాతపరీక్ష బాగానే జరిగింది. ఇక ఇంటర్వ్యూ కాగితం రావాలి.

భార్య పుష్పాబాయి, ఏడాది పిల్ల నీలా తండాలో ఉండేవారు. అతను మిల్లు ఆఫీసు గదిలోనే చాప పరుచుకునేవాడు. పగలంతా మిల్లు మోతలో మాట వినపడదు. మోత ఆగాక మాట్లాడడానికి మనిషి ఉండడు. బస్తాల మీద నంబర్లు వేస్తూ, చెవి మాత్రం గేటు వైపు పెట్టేవాడు.

“ఏం తాసిల్దారూ, కుర్చీ రాకముందే నా మీద తనిఖీనా?” అనేవాడు పోస్టుమాన్ గౌరయ్య.

“జర సూడన్నా, సంచి అడుగున ఉన్నదేమో.”

“నా సంచేమన్న బావినా, అడుగు కానరాకపోనీకి? వస్తే ఉరికొచ్చి ఇస్త.”

జనవరిలో నీలాకు జ్వరమని కబురొచ్చింది. హీరాలాల్ రెండు రోజులు దవాఖానలో పిల్లను భుజాన వేసుకొని, గడియకోసారి నుదురు తాకి చూసుకుంటూ గడిపాడు. జ్వరం దిగాక తిరిగొచ్చి, గౌరయ్యను మళ్లీ అడగడం మొదలుపెట్టాడు. రోజూ లేదనే జవాబు.

సేటు పన్నెండు రోజులు కోదాడలో కూతురి దగ్గరుండి వచ్చాడు. వస్తూనే బల్ల పైన వేలాడే ఇనుప తీగ దించాడు. లెవీ బియ్యం గురించి సర్కారు పంపే ఖాకీ కవర్లను విప్పకుండా ఆ తీగకు గుచ్చి ఉంచాలి, సేటే విప్పాలి. అది మిల్లు కట్టుబాటు. చదువురాని హమాలీ ఈదయ్యకు ఆ పని నేర్పింది హీరాలాలే. ‘ఖాకీదొస్తే గుచ్చు, తెల్లదొస్తే బల్ల మీద పెట్టు’ అని.

మూడో కవరు దగ్గర సేటు ఆగాడు.

“ఒరే హీరాలాల్, గిది నీ పేరు మీద ఉన్నది గదరా!”

మొన్న సోమవారం పొద్దున పదింటికి నల్లగొండలో ఇంటర్వ్యూ. ఇవాళ బుధవారం. హీరాలాల్ పోస్టు ముద్ర చూశాడు. తాను దవాఖానలో ఉన్న రోజు అది. గౌరయ్య సెలవు పెడితే వేరెవరో పోస్టు పంచారు. తిరిగొచ్చినప్పటినుంచి తొమ్మిది రోజులు ఆ తీగ కిందే కూర్చున్నాడు, ఆ తీగ కిందే పడుకున్నాడు.

“ఎవడు గుచ్చిండురా దీన్ని?”

గుమ్మంలో ఈదయ్య తలగుడ్డతో చెమట తుడుచుకుంటున్నాడు.

“నేనే సేటూ. సూసుకోలే,” అన్నాడు హీరాలాల్.

“తన నసీబు తనే గుచ్చుకునేటోన్ని గీడనే సూసిన!” సేటు గొంతు తగ్గించాడు. “ఒక్కసారి పోయి అడుగరాదురా.”

పోయాడు. లిస్టు ఖాయమైందన్నారు. వచ్చేసారి పెట్టుకొమ్మన్నారు. వయసు మాత్రం ఎవరూ అడగలేదు.

మర్నాడు గేటు దగ్గర బెల్లు మోగింది.

“ఏం తాసిల్దారూ, ఇయ్యాల అడగవా?”

“ఇగ అడగనన్నా,” అన్నాడు హీరాలాల్, బస్తా మీది నుంచి తల ఎత్తకుండానే.

గౌరయ్య ఇచ్చిన ఖాకీ కవరును ఈదయ్య రెండు చేతులా పట్టుకొచ్చి, నలగకుండా తీగకు గుచ్చాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

“మంచిగ గుచ్చిన్నా బిడ్డా?”

“మంచిగనే గుచ్చినవ్ మామా.”