మోకాళ్ల నొప్పి మాత్ర

మా బావ టైలరు. ఒక్క ప్యాంటైనా కొలతకు సరిగ్గా కుట్టి ఎరగడు గానీ, ఎవరి ఆయుష్షు ఎంతవరకో దేవుడి తరఫున ఆయనే తేల్చేస్తాడు. కాజాలు కుట్టించుకోవడానికి వచ్చిన పాపానికి ఆ మనిషిని స్టూలు మీద కుదేసి, దారం కొరుకుతూ ఉపదేశం మొదలుపెడతాడు. నొప్పి తగ్గించే మందు వేసుకోవచ్చట. చావును ఆపే మందు మాత్రం మహాపాపమట. పిలవడానికి వచ్చిన దేవుడి మొహాన తలుపు వేసినట్టట. తలనొప్పికి, నడుంనొప్పికి, తిన్నది అరగడానికి ఆయన మింగని మాత్రంటూ లేదు. నేను పనిచేసేది మందుల షాపులో. ఆయన భోగట్టా నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మా అక్కకు బీపీ విపరీతంగా ఉందనీ, రోజూ మాత్ర వేసుకోకపోతే ప్రాణానికే ముప్పనీ డాక్టరమ్మ నాతో చెప్పింది. ఇంటికి మాత్రలు తీసుకెళ్తే బావ అడిగిన మొదటి ప్రశ్న, "ఇవి నొప్పికా, చావుకా?" అని. అక్క ఆయన నోటివంక చూస్తోంది. ఆయన మాటే ఆమెకు వేదవాక్కు. ఈ జంటతో వాదించడం కంటే గోడకు చెప్పుకోవడం నయమనిపించి, మోకాళ్ల నొప్పికని చెప్పాను. అబద్ధమాడినందుకు నాకు రవ్వంత సిగ్గు లేదు. అక్క రోజూ మింగింది, తేరుకుంది.

మొన్న మిషన్ తొక్కీ తొక్కీ బావ మోకాళ్లు పట్టేశాయి. పెళ్లాం డబ్బా ఎదురుగా ఉండగా ఒకరిని అడగడం దేనికి? ఒకటి మింగాడు, తగ్గలేదు. గుప్పెడు మింగాడు. కళ్లు బైర్లు కమ్మి కూలబడుతూ ఆ మహానుభావుడు కలవరించింది దేవుణ్ణి కాదు, ఆసుపత్రిని.

ఏం మింగాడని డాక్టరమ్మ అడిగితే అక్క వింటుండగానే నేను నిజం చెప్పాల్సి వచ్చింది. సెలైన్లు ఎక్కించి, ఏవేవో ఇంజెక్షన్లు ఇచ్చి, మొత్తానికి గండం గట్టెక్కించారు. బావ కళ్లు తెరిచి, సంగతంతా విని, మెల్లగా సెలవిచ్చాడు.

"తెలివి లేనప్పుడు ఎక్కించారు. తెలియక జరిగింది పాపం కాదు."

ఛీ, ఏం మనిషి! తన ఒంటికి మాత్రం ఎంత అతికినట్టు కుట్టుకున్నాడు!

ఆ పూట వేసుకోవాల్సిన మాత్ర అక్క చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇన్నాళ్లూ తెలియక మింగానే. ఇప్పుడు తెలిసి ఎలా మింగను?" అంది.

జన్మలో మొదటిసారి ఆ మనిషిని బతిమాలుకున్నాను. "నువ్వు చెబితే వింటుంది బావా. వేసుకోమని ఒక్క మాట చెప్పు."

"ఎవరి నమ్మకం వాళ్లది. మధ్యలో నేనెవర్ని?" అన్నాడు. సూది గుచ్చిన చోట సలుపుతోందని, దానికో మాత్ర ఇమ్మని నర్సును పిలిచాడు.

అక్క తన మాత్రను నా అరచేతిలో పెట్టేసి, ఆయన దుప్పటి సర్దడానికి లేచింది.