నీళ్ల దారిలో సీసా పెంకులు

సర్కారు తాగుడు మానాలని చట్టం చేశాకే మా కొండ మీద తాగుడు మొదలైంది. అంతకుముందు తాగేవాళ్లు ఊరి బయట ఈతచెట్ల కింద కూర్చుని, ముంత ఖాళీ చేసి, మూతి తుడుచుకుని ఇంటికొచ్చేవాళ్లట. ముంత మట్టిది కాబట్టి పగిలినా మట్టిలోనే కలిసిపోయేది.

నేను పత్తికొండ దగ్గరి ఆ కొండకింది పల్లెకు పెద్దకోడలిగా పోయేసరికి కల్లుగీత ఆగిపోయి చాలా ఏళ్లయింది. మా మామకు మాత్రం దాని మీద ధ్యాస పోలేదు. మధ్యాహ్నం అరుగు మీద పడుకుని ఈతకల్లుకు సాటి లేదనేవాడు. పక్కింటి ముసలాయనది తాటికల్లు పక్షం. చుక్క కల్లు దొరకని ఊళ్లో ఇద్దరూ దాని రుచి గురించి పొద్దుగూకేదాకా పోట్లాడుకునేవాళ్లు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నేను లోపల్నుంచి అంటే, మా అత్త "నోరు మంచిదైతే ఊరు మంచిదైతాది, ఊరుకోమ్మా" అని నా మీదికే వచ్చేది. నా నోరు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

అప్పటికి మాది కొత్తగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం. తుంగభద్ర దాటితే హైదరాబాదు రాజ్యం. ఏటికి ఇవతల సీసాతో దొరికితే జైలు. అవతల దుకాణం తెరిచి అమ్మేవాళ్లు. అక్కడి నుంచి బీరు సీసాలు జొన్నల సంచుల్లో దాక్కుని ఇవతలికి వచ్చేవి. వచ్చినవాటిని తాగడానికి చాటు కావాలి కదా, అందుకు మా కొండ దొరికింది.

ఆదివారం పూట పత్తికొండ నుంచి నలుగురు పెద్దమనుషులు కొండెక్కడానికి వచ్చేవాళ్లు. ఒకాయన రోడ్డు కాంట్రాక్టరు, ఒకాయన వకీలు దగ్గర గుమాస్తా, మిగతా ఇద్దరు వాళ్లు ఏమంటే దానికి తలూపేవాళ్లు. కాళ్లకు క్యాన్వాసు బూట్లు, చేతుల్లో కర్రలు. కొండ నడక ఒంటికి మంచిది, ఆకలి పుడుతుంది అని చెప్పేవాళ్లు. కొండమీదికి పోలీసులు రారన్న సంగతి మాత్రం చెప్పేవాళ్లు కాదు. పైన శివుడి గుడి ఉంది కాబట్టి మేం ఆ కొండకు చెప్పుల కాళ్లతో పోము. గొర్రెలు తోలుకుపోయేవాడు కూడా కింద బండ దగ్గర చెప్పులు విడిచే ఎక్కుతాడు. వాళ్ల బూట్ల గురించి ఊళ్లో గొణుక్కున్నారే గానీ ఎవరూ అడగలేదు.

వాళ్లకు దారి చూపించి, సంచి మోసేది మా మరిది. నా పెనిమిటికి తమ్ముడు. నవ్వుతూ తిరిగే మనిషి, ఎవరు పిలిచినా కాదనలేడు. కొండ నెత్తిన బండల మధ్య ఒక దోన ఉంది. ఎంత కరువులోనైనా దాంట్లో ఇన్ని నీళ్లు నిలిచి ఉంటాయి, చేయి పెడితే జిల్లుమంటుంది. సీసాలు ఆ దోనలో ముంచిపెట్టి, చల్లబడేదాకా ఏ బీరు గొప్పదని వాదించుకునేవాళ్లట. గుమాస్తాకు పచ్చసీసా ఇష్టం, చేదు తక్కువని. కాంట్రాక్టరుకు గోధుమరంగు సీసా తప్ప ఇంకోటి దిగదు. మిగతా ఇద్దరు ఎవరు పోయిస్తే వాళ్ల పక్షం. మా మరిదికీ ఒక గ్లాసు పోసేవాళ్లు. మొదటిసారి వేపాకు కషాయమని ఊసేసినవాడు, పోను పోను గోధుమరంగు సీసా పక్షంలో చేరాడు. ఇంటికొచ్చి వాళ్ల నాయనతో "పులిసిన ఈతకల్లు మాదిరే ఉంటాది నాయనా" అన్నాడు. మా మామ "థూ! గుర్రం ఉచ్చను తెచ్చి ఈతకల్లు పక్కన పెడ్తావా" అని కర్ర తీశాడు. మేమంతా నవ్వాం. చిన్నకోడలు, అంటే మా మరిది పెళ్లాం, కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది.

ఆ పిల్లది కడప పక్క. పులివెందుల దాటి తుమ్మలపల్లె దగ్గర ఏదో పల్లె. పెళ్లయి ఏడాది తిరిగింది. నేను డబ్బును దుడ్లు అంటే "దుడ్లేంది అక్కా, మీరు కన్నడపోళ్లా" అని వెక్కిరించేది. నాకు ఆడబిడ్డలు లేరు, తోబుట్టువులు లేరు. ఇంట్లో నా నోటికి భయపడని మనిషి ఆ పిల్ల ఒక్కతే. నేను కసిరితే "ఇంకోసారి కసురక్కా, బాగుండాది" అనేది. ఆ పిల్ల అంటే నాకు ప్రాణం. ఆ మాట ఆమె ఉండగా ఎప్పుడూ అనలేదు. మన ఇళ్లల్లో అలాంటివి ఎవరంటారు?

తాగడం అయ్యాక సీసాలు పగలగొట్టే పని మా మరిదిది. అది గుమాస్తా చెప్పిన న్యాయం. ఖాళీ సీసా దొరికినా కేసే, పగిలితే ఉట్టి పెంకు, పెంకును పట్టుకుని ఎవర్నీ జైల్లో వెయ్యలేరు అని. దోన పక్కనున్న బండ మీద నిలబడి, పడమటి వైపు కిందికి విసిరేవాడు. ఒకరోజు నేను అడిగాను.

"ఏమప్పా, చెప్పుల్లేకుండా తిరిగే కొండ. ఆ పెంకులు యాడ పడతాండాయో చూస్తాండావా?"

"ఆపక్క లోయ వదినా. ఆడికి మేకలు గూడా పోవు. మనుషులు తిరిగే మెట్లు ఈపక్క గదా ఉండేది."

వాడు అబద్ధమాడలేదు. మగవాళ్లు నడిచేది తూర్పున ఉన్న మెట్ల దారి. పడమట ఇంకో దారి ఉంది. దాన్ని నీళ్ల దారి అంటారు. ఆరుద్ర కార్తె దాటినా చినుకు పడకపోతే, ఊళ్లో ముత్తైదువలు బావిలో నీళ్లు చేది, కుండలు నెత్తిన పెట్టుకుని ఆ దారినే ఎక్కి, కొండమీది శివుడి గర్భగుడిలో పోసి వస్తారు. ఆ దారిలో మగవాడు కాలు పెట్టకూడదు. మంచి ఏళ్లల్లో ఆడవాళ్లూ పోరు, ముళ్లు కప్పేసి ఉంటుంది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి వానలు సరిగ్గానే పడ్డాయి కాబట్టి నేను కూడా ఆ దారి చూడలేదు. ఎక్కడ మొదలవుతుందో, ఏ బండ కిందుగా పోతుందో మా అత్త వయసు వాళ్లకే తెలుసు. వాళ్లకేమో సీసాలు ఎక్కడ విసురుతున్నారో తెలియదు.

ఆ ఏడు మృగశిర ఎండిపోయింది, ఆరుద్ర కూడా ఎండిపోయింది. కొర్ర విత్తనం గాదెలోనే ఉంది. ఊరంతా కలిసి నీళ్ల మొక్కు పెట్టుకున్నారు. దానికి కట్టుబాట్లు ఉన్నాయి. గర్భగుడి చేరేదాకా కుండ దింపకూడదు, నోరు విప్పకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. ఒక్కరు తప్పినా మబ్బు వెనక్కి పోతుందని నమ్మకం. చిన్నకోడలికి ఇదే మొదటిసారి. మా అత్త నాకు చెప్పిందే ఆమెకూ చెప్పింది. నాకైతే "నీ నోటితో ఎట్లమ్మా" అని ఇంకో మాట చేర్చింది.

మా అత్త ముందు, ఆమె వెనక నేను, నా వెనక చిన్నకోడలు. పొద్దు ఇంకా నెత్తికి రాలేదు గానీ బండలు అప్పుడే కాలుతున్నాయి. సగం కొండ ఎక్కాక నా వెనక "స్స్" అని చిన్న శబ్దం వినపడింది. కాలు కాలిందేమో అనుకున్నాను. నడక ఆగలేదు. ఆమె అడుగుల చప్పుడు వెనకే వస్తూ ఉంది, మధ్యలో కొంచెం సాగి సాగి. అంతకంటే నాకేమీ తెలియదు.

గుళ్లో నీళ్లు పోశాం. మొక్కు తీరి నోళ్లు విడిపోగానే ఆడవాళ్లంతా ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టారు. చిన్నకోడలు గడప దగ్గర కూలబడింది. అరికాలు ఎత్తి చూశాను. గాజుపెంకు మడమ పక్కన లోతుకు దిగి, కొస మాత్రమే బయటికి కనపడుతోంది. అంత లోతుకు దిగిందంటే అది తొక్కినప్పుడు దిగింది కాదు, తొక్కుకుంటూ నడిచినందుకు దిగింది.

"నీకేమన్నా పిచ్చా? ఆడనే కుండ దింపి తీసుకోవాల్సింది గదే!"

"దింపితే వాన రాదు గదక్కా."

ఏడవలేదు. తప్పు చేయలేదు కదా అన్నట్టు నా ముఖంలోకి చూసింది.

ఇంటికి మోసుకొచ్చాం. మరిది పెంకు లాగాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని, కడగకుండానే వెలుగుకు ఎత్తి చూశాడు. గోధుమరంగు. మా అత్త తనకు తెలిసిన వైద్యం చేసింది. ఆవుపేడలో పసుపు కలిపి కట్టు కట్టింది. మా కాలంలో అందరి గాయాలకూ అదే మందు. చాలామంది బతికారు కూడా.

చిన్నకోడలు కుంటుకుంటూనే పని చేసింది. కొన్నాళ్లకు ఒక పొద్దున సంగటి ముద్ద నోటికి పోవడం లేదని నవ్వింది. దవడ పట్టుకుందంటే పంటి నొప్పి అనుకున్నాం. మధ్యాహ్నానికి మెడ బిగిసింది. బండి కట్టుకుని పత్తికొండకు తీసుకుపోయాం. డాక్టరు చూడగానే ధనుర్వాతం అన్నాడు. ఉన్న మందు ఇచ్చాడు, ఆలస్యమైందనీ చెప్పాడు. చప్పుడైతే ఒళ్లు విల్లులా వంగిపోయేది. అందుకని ఆ గదిలో మేం గుసగుసగా కూడా మాట్లాడుకోలేదు. ఆమెకు మాత్రం చివరిదాకా తెలివి ఉంది. బిగిసిన పళ్ల మధ్య నుంచి నన్ను ఏదో అడిగింది. మబ్బు పట్టిందా అని. పట్టిందని చెప్పాను. అప్పటికి పట్టలేదు.

శవాన్ని బండిలో తెస్తుంటే ఊరి పొలిమేర దగ్గర వాన అందుకుంది. అలాంటి వాన ఆ తర్వాత నేను చూడలేదు. మా మరిది తన తువ్వాలు తీసి ఆ కాలికి చుట్టాడు, కట్టు తడవకుండా. అప్పుడు నాకు దేవుడి మీద పుట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఊరు మాత్రం పండగ చేసుకుంది. ఎలా తప్పుపట్టను? ఎండిన చేలల్లో నీళ్లు నిలిచాయి. కుండ దింపకుండా ప్రాణమిచ్చి వాన తెచ్చిన తల్లి అన్నారు. పసుపు కుంకాలతో పోయిన పిల్ల, పేరంటాలు అయ్యిందన్నారు. రెండు దారులూ కలిసేచోట, గుడికి కొంచెం కింద, రాయి నిలబెట్టి పసుపు పూశారు. నేను ఊరి పెద్దల ముందే అడిగాను, "వాన తెచ్చిందని రాయి పెడ్తాండారు, సీసా పగలగొట్టిందెవరని ఒక్కరూ అడగరేం?" అని. మా అత్త నా చేయి పట్టి ఇంట్లోకి లాగింది. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాది. ఆ పిల్ల పోయింది, నీ మరిదీ పోవాల్నా?" అంది. ఆ ముసలామె కళ్లు చూసి నోరు మూసుకున్నాను.

విత్తనం వేసేటప్పుడు చేలో మరిదే ఎత్తాడు ఆ మాట.

"అది నేను తాగే రకమే వదినా."

"కాంట్రాక్టరు గూడా అదే తాగుతాడు గదప్పా."

"ఎవరు తాగితే ఏంది, విసిరింది నేనే గదా. ఆ దారి ఆడ ఉండాదని నాకు తెలీదు వదినా. ఒట్టు, తెలీదు."

తెలియదని నాకూ తెలుసు. గొర్రు వెంట నడుస్తూ విత్తనం వేస్తూ పోయాను.

దసరా పోయాక ఒక ఆదివారం నేనూ మరిదీ పేరంటాలు రాయికి పసుపు పూయడానికి పోయాం. మేం అక్కడ ఉండగానే మెట్ల దారిన పత్తికొండ పెద్దమనుషులు ఎక్కి వచ్చారు. సంచి వేరే ఎవరో మోస్తున్నారు. కొత్త అమ్మవారి మహిమ వాళ్ల దాకా పాకింది. ఆమె మా మరిది పెళ్లామని వాళ్లకు తెలుసు. ఏ పెంకు గుచ్చుకుందో తెలుసో తెలియదో నాకు తెలియదు. కాంట్రాక్టరు రాయి ముందు బూట్లు విప్పాడు. కళ్లు మూసుకుని దండం పెట్టాడు. అమ్మవార్లకు కల్లు సాక పోయడం మా వైపు ఆచారం. ఆయన దగ్గర కల్లు లేదు. గోధుమరంగు సీసా మూత తీసి, "తల్లీ, చల్లగా చూడు" అని మొత్తం ఆ రాయి మీద పోశాడు. నురగ పసుపుతో కలిసి కిందికి జారింది. ఆయన ముఖంలో భక్తి నిజమైనదే. దొంగ భక్తి అయితే నేను తిట్టి ఉండేదాన్ని.

తర్వాత పాత అలవాటు కొద్దీ ఖాళీ సీసాను మా మరిది వైపు చాచాడు.

"కొంచెం పగలగొట్టప్పా."

మరిది తీసుకున్నాడు. వాళ్లు పైకి ఎక్కిపోయారు. వాడు సీసాను రెండు చేతులతో గుండెకు పట్టుకుని, రాయి ముందే నిలబడి ఉన్నాడు. ఆమె పోయిన రోజు కూడా ఏడవని మనిషి. ఏడుస్తూ నా వైపు తిరిగాడు.

"వదినా, దీన్ని యాడ పెట్టేది?" అన్నాడు.

కింద పెట్టడానికి వాడికి ఆ కొండ మీద ఎక్కడా చోటు లేదు. నేను దాన్ని వాడి చేతుల్లోంచి తీసుకుని కొంగు కింద పెట్టుకున్నాను, వాడి చేయి పట్టుకుని మెట్లు దిగాను.