ముంజేతి రంగు

ఏ రంగు కలిపినా ముందు తన ముంజేతి మీద ఒక చార గీసుకుని చూసేది ఆవిడ. ఎనభైల మొదట్లో, అమెరికాలోని జెర్సీ సిటీలో మా పై అంతస్తులో ఉండే శిల్పి.

ఉగాదికి తెలుగుతల్లి విగ్రహం చేసిపెట్టమని మా తెలుగు సంఘం అడిగింది. పాలరాయి రంగు ప్లాస్టర్‌తో చేయమన్నారు. ఆవిడ వినలేదు. పాత కార్ల రేకులు తెచ్చి, కత్తిరించి, అతికించి నిలబెట్టింది. "ఈ దేశంలో మనల్ని మోస్తున్నవి ఇవేగా" అంది. చీర అంచుకు బంపర్ల తళుకు, వరికంకులకు రాగి తీగలు. ముఖానికి మాత్రం, ముంజేతి మీద గీసిన చార తన ఒంటిరంగులో కలిసిపోయి కనపడకుండా పోయేదాకా రంగు కలుపుతూనే ఉంది.

పండగ ముందురోజు సంఘం ప్రెసిడెంటుగారు వచ్చి చూశారు.

"అంతా బాగుందమ్మా. ఫేసే మరీ డార్క్ అయింది. కొంచెం ఫెయిర్‌గా పెయింట్ చేసేయండి."

ఆవిడ బ్రష్ తీసి ఆయన చేతిలో పెట్టింది. తన ముంజేతిని విగ్రహం చెంపకు ఆనించింది.

"మీరే వేయండి. ముందు నాకు, తర్వాత ఆవిడకి."

ఆయన బ్రష్ కిందపెట్టి వెళ్లిపోయారు.

మర్నాడు తెలుగుతల్లి అదే రంగుతో స్టేజీ ఎక్కింది. పక్కనే ఆవిడ, చేతుల్లేని జాకెట్టు వేసుకుని నిలబడింది.