సార్ గాజుపలకలో కుంకుమ భరిణె

మా సార్ పోయారని పొద్దున్నే ఢిల్లీ పక్కన ఇందిరాపురం నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. తెలుగు అర్థమైనా ఎప్పుడూ హిందీలోనే మాట్లాడే ఆమె, ఆ ఒక్క మాట మాత్రం తెలుగులో చెప్పింది. నా బతుకుదెరువు ఆయన పెట్టిన భిక్ష.

వస్తువు మీద పడి వచ్చిన లేజరు వెలుగును, దాని లోతుతో సహా, గాజుపలక మీద సన్నటి గీతలుగా పట్టుకుంటే అది హోలోగ్రామ్. ఆ గీతల నుంచి కంప్యూటర్‌తో మళ్లీ బొమ్మ రప్పించడం ఆయన నాకు నేర్పిన విద్య. పలక మీద వెలుగు పట్టేటప్పుడు పిసరంత కదలిక ఉన్నా అంతా పాడు. అందుకని ఢిల్లీ మే నెలలో కూడా ల్యాబులో ఫ్యాన్లు ఆపించి, మమ్మల్ని ఉన్నచోటే నిలబెట్టేవారు. ఓసారి క్యాంటీన్ భయ్యా టీ ట్రేతో గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. పనయ్యాక సార్ మొదటి కప్పు అతనికే ఇచ్చారు, చల్లారిపోయిందని నొచ్చుకుంటూ.

రిటైరయ్యాక ఒకరోజు గుడ్డలో చుట్టిన పలక తెచ్చారు. పెళ్లయిన కొత్తలో భార్య కుంకుమ భరిణెను మూత తీసి పెట్టి తీసిన హోలోగ్రామ్ అది. ఆవిడ పోయి చాలాకాలమైంది. భరిణె కూడా క్వార్టర్లు మారడంలో ఎక్కడో పోయింది. పలకకేమో బూజు పట్టి, లేజరు వేసినా ఏమీ తెలియడం లేదు. సార్‌కు నీటికాసులతో చూపు తగ్గిపోతోంది. ఈలోగా ఒక్కసారి చూడాలని ఆయన ఆశ. అది కూడా మొహమాటపడుతూ, తీరికుంటేనే చెయ్యమన్నారు.

పలకను మైక్రోస్కోపు కింద ముక్కలుగా ఫోటోలు తీసి కలిపాను. ఇక భరిణె పలకకు ఎంత దూరంలో ఉండేదో కంప్యూటర్‌కు చెప్పాలి. అడిగితే సార్ సిగ్గుపడ్డారు. మిల్లీమీటరు తేడా వస్తే మమ్మల్ని ఉతికి ఆరేసిన మనిషి, ఆ రోజు జానతో కొలిచారట! ఆయన చెయ్యి బల్ల మీద చాపించి, స్కేలు పెట్టి కొలిచాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ దూరంలోనే బొమ్మ తేటపడింది. ముందు భరిణె అంచు వచ్చింది. సార్ మొహం తెరకు ఆనేంత దగ్గరగా పెట్టి, ఇంకాస్త లోపలికి పోనివ్వమన్నారు. దూరం కొద్దికొద్దిగా పెంచుతూ పోయాను. అంచు మసకబారి, లోపలి కుంకుమ కనిపించింది. ఎరుపు లేదు, అంతా బూడిదరంగే. నడుమ చిన్న గుంట ఉంది.

"తన ఉంగరం వేలమ్మా అది," అన్నారు సార్. "ఇంక కదపకు."

కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాను. ఆయన తన వేలు తెర దాకా తీసుకెళ్లి, తాకకుండా, ఆ గుంట ముందు అలాగే ఉంచారు.