లోపలికి తెరుచుకునే తలుపు

నేను బస్టాండు మేనేజరుని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది, అందులో అబద్ధమేమీ లేదు. ఆ కోపంలోనే తాళాలక్కను ఉద్యోగంలోంచి తీసేయాలని కాగితం రాశాను.

తాళాలక్క అంటే మా మరుగుదొడ్లు చూసుకునే ఆవిడ. నడుముకు తాళాల గుత్తితో పద్నాలుగేళ్లుగా అక్కడే ఉంది. ముక్కుసూటి మనిషి. తడి నేల తొక్కితే మేనేజరునైనా సరే దులిపి పారేస్తుంది. ఆ నెలలో ఒకతను లోపల గడియ పెట్టుకుని మత్తుమందు ఎక్కించుకున్నాడు. మోతాదు మించింది. బయటి నుంచి తాళంచెవితో గడియ తీసినా, ఆమె లోపలికి వెళ్లేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. అప్పటికే ప్రాణం పోయింది. "తలుపు కదల్లేదు సార్" అంది. సాకు చెబుతోందనుకున్నాను. నిర్లక్ష్యం అని రాసేశాను. ఇక నా సంతకమే తరువాయి.

సరిగ్గా అప్పుడే ప్రజారోగ్య కార్యాలయం నుంచి ఇంటర్న్‌షిప్ అంటూ ఒక కాలేజీ అమ్మాయి దిగింది. మత్తుమందు చావులు ఎలా ఆపాలో కనుక్కోవడం ఆమె పని. చేతినిండా ప్రశ్నల కాగితాలు. మూలిగే నక్క మీద తాటిపండు అనుకుని, సర్వేపిల్ల అని పేరు పెట్టాను.

ఆ పిల్ల నన్ను వదిలేసి, తాళాలక్క పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చుంది. "ఆ రోజు తలుపు ఎక్కడ పట్టుకుని నెట్టారు పిన్నీ?" అని అడిగింది. ఆ మాట అంతవరకు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. తాళాలక్క చీపురు పక్కన పెట్టి, లేచి చూపించింది.

మర్నాడు పొద్దున సర్వేపిల్ల నన్ను అక్కడికి తీసుకెళ్లింది. ఇస్త్రీ బట్టలతోనే లోపలికి వెళ్లి, గడియ పెట్టకుండా తలుపు మూసి, ఆ రోజు అతను పడి ఉన్నట్టే దానికి వీపు ఆనించి నేల మీద పడుకుంది.

"లేమ్మా, అదేం పని?" అన్నాను.

"నాకు స్పృహ లేదు సార్. నెట్టండి."

నెట్టాను. బెత్తెడు కదిలి ఆగింది. భుజం ఆనించాను. ఆ పిల్ల చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది, నేనేమో ఎద్దులా ఉంటాను. అయినా ఆ ఇరుకులో తన కాళ్లు ఎదుటి గోడకు తగిలి, మనిషే అడ్డుగడియ అయిపోయింది. చెమటకు చొక్కా తడిసింది గానీ తలుపు తెరుచుకోలేదు.

"ఎంతసేపైంది పిన్నీ?" అంది లోపలి నుంచి.

"నాలుగు నిమిషాలు" అంది తాళాలక్క. నావైపు చూడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

జేబులో ఉన్న ఆ కాగితాన్ని తీసి అక్కడికక్కడే చింపేశాను. క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు. "తప్పు నాదే అక్కా" అని గొణిగాను. "సరేలెండి సార్, కాళ్లు తుడుచుకుని వెళ్లండి, ఇప్పుడే కడిగాను" అంది.

వారంలో వడ్రంగి ఆరు తలుపుల బందులూ మార్చి, బయటికి తెరుచుకునేలా బిగించాడు. సర్వేపిల్ల ముక్కులో కొట్టే విరుగుడు మందు తెచ్చి, మనిషికి ఊపిరి ఎలా అందించాలో మాకు నేర్పింది. నాకు రెండుసార్లు నేర్పాల్సి వచ్చింది. తాళాలక్క ఒక్కసారికే పట్టేసింది.

సర్వేపిల్ల వెళ్లడానికి ఇంకా మూడు రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం, తాళాలక్క నాలుగో తలుపు తట్టింది. పలుకు లేదు. గడియ తీసి లాగింది. పెదాలు నల్లబడిన ఒకమ్మాయి బయటికి ఒరిగిపోయింది. అక్క కేక విని నేనూ సర్వేపిల్లా పరుగెత్తేసరికి, అంబులెన్సుకి ఫోన్ చేయించి, ముక్కులో మందు కొట్టేసి, నోట్లో ఊపిరి ఊదుతోంది. వంగి చూడబోయాను. "గాలి ఆడనివ్వండి, జరగండి సార్" అంది. మారుమాట లేకుండా జరిగాను.

ఆ అమ్మాయి ఛాతీ పైకి లేచింది. మళ్లీ లేచింది. దగ్గి, కళ్లు తెరిచింది. సర్వేపిల్ల వెక్కి వెక్కి ఏడుస్తూనే నవ్వింది. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

అంబులెన్సు నర్సు ఆ అమ్మాయి నాడి చూసి తలెత్తి, "బాగా చేశారు. ఇక్కడ డాక్టరు ఎవరు?" అని అడిగింది.

"ఈవిడే" అని తాళాలక్కను ముందుకు నిలబెట్టాను.