ఎలోడీ చెంచాల చప్పుడు

ఓజెమ్ గిలరీ పుట్టుకోపిష్టి అని ఒపెలూసస్ ఊళ్లో చాలామంది అంటారు. శుద్ధ అబద్ధం. చెరకు తోటల్లో పెరిగి, చుట్టల పెట్టెకు తీగలు బిగించి గిటారు నేర్చుకున్నవాడు. పగలు బియ్యం మిల్లులో బస్తాలు మోసి, శనివారం సాయంత్రాలు ఆడేందుకు చోటు కోసం మంచాలు పెరట్లోకి లాగేసిన ఇళ్లలో జనం చేత చిందులు వేయించినవాడు. అలాంటివాడికి కోపం ఎవరో ఒకరు తెచ్చిపెట్టాలి. తెచ్చిపెట్టారు.

ఆ చిందుల్లో అతని పక్కన భార్య ఎలోడీ ఉండేది. ముడతల రేకును చొక్కాలా భుజాలకు తగిలించుకుని, రెండు చెంచాలతో గీకుతూ తాళం వేసేది. ఆమె చెంచాలు ఆగితే అతని వేళ్లూ ఆగిపోయేవి.

క్రౌలీ ఊళ్లో రికార్డులమ్మే కొట్టువాడొకడు తన కొట్టు వెనక గదిలో పాట రికార్డు చేస్తానంటే ఇద్దరూ వెళ్లారు. "గిటారు చాలు. ఈ రేకుల మోతెందుకు? ఆమెను బయట కూర్చోమను" అన్నాడు వాడు. ఓజెమ్ గిటారు పెట్టెలో పెట్టేయబోయాడు.

"నువ్వు పాడవయ్యా. నన్నెవడాపుతాడో చూస్తా" అని ఎలోడీ బయటికి వెళ్లింది.

రెండో చరణంలో చెక్కగోడ అవతలి నుంచి చెంచాల చప్పుడు మొదలైంది. కొట్టువాడు మొహం మాడ్చుకున్నాడు కానీ, అప్పటికే టేపు అయిపోవచ్చింది, వేరేది లేదు. రికార్డులు అలాగే అచ్చువేశాడు. ఆ చరణం వచ్చినప్పుడల్లా ఊళ్లో జనం "అదిగో, ఎలోడీ!" అని ఈలలు వేసేవారు.

ఎలోడీ ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. తర్వాత వచ్చిన వరద ఇంటినీ, ఆమె రేకునూ, ఊళ్లో ఉన్న రికార్డులన్నిటినీ ఊడ్చుకుపోయింది. ఇన్నేళ్లకు విట్లో అనే కుర్రవాడు వచ్చి, పాత టేపు తమ రికార్డుల కంపెనీకి దొరికిందనీ మళ్లీ విడుదల చేస్తామనీ అన్నాడు. ఓజెమ్ కోరింది ఒక్కటే, మొదటి ప్రతి తన చేతికి రావాలని. చచ్చేలోగా ఆ చెంచాల చప్పుడు మళ్లీ వినాలి, అంతే.

గుడ్‌ఫ్రైడే నాడు ఓజెమ్ పెరట్లో పెద్ద కుండలో క్రాఫిష్ రొయ్యలు ఉడుకుతున్నాయి. ఇరుగుపొరుగంతా బల్ల చుట్టూ చేరారు. విట్లో డిస్కు పెట్టాడు. రెండో చరణం వచ్చింది. అందరూ చెవులు రిక్కించారు. గిటారు తప్ప ఏమీ లేదు.

"ఏదీ?" అన్నాడు ఓజెమ్.

"ఏదండీ?"

"నా పెళ్లాం!"

"ఓ, ఆ గరగరా? దాన్ని తుడిచేసి పాట శుభ్రం చేయడానికి చాలా కష్టపడ్డామండీ" అన్నాడు విట్లో, మెప్పు కోసం చూస్తూ. ఎద్దు పుండు కాకికి నొప్పా?

పక్కింటి ఒడీల్ లేచింది. "ముందు నీ నోరు శుభ్రం చేసుకో నాయనా! అది మా ఎలోడీ."

"పాత టేపు ఉందా?" అన్నాడు ఓజెమ్.

"పనికిరాదని పడేశారండీ."

ఓజెమ్ దిగ్గున లేచాడు. కుర్రవాణ్ణి కొడతాడేమోనని అందరూ భయపడ్డారు. అతను తిన్నగా కోళ్లగూటి దగ్గరికి వెళ్లి, పైనున్న తుప్పుపట్టిన ముడతల రేకు పీకి ఒళ్లో పెట్టుకుని, బల్ల మీది చెంచాలు రెండు తీసుకున్నాడు.

"మళ్లీ పెట్టరా."

రెండో చరణానికి ముసలి చేతులు రేకు మీద విరుచుకుపడ్డాయి. ఒడీల్ కుండమూత అందుకుంది. తక్కినవాళ్లు చేతికందిన గిన్నెల మీద బాదారు. పాట అయిపోయినా చాలాసేపు ఎవరూ ఆపలేదు.

ఓజెమ్ చెంచాలు విట్లో ముందుకు విసిరేశాడు.

"ఇప్పుడు తుడవరా, చూద్దాం."