మా తమ్ముడి ఒంటి వేడి

మొన్న పొద్దున నాచారంలో మా తమ్ముడింటికి వెళ్లేసరికి నా మేనకోడలు దుప్పటి ముసుగేసుకుని పడుకుని ఉంది. ఒళ్లు కాలిపోతోందట, బడికి పోదట. వాళ్ల నాన్న వచ్చి నుదుటి మీద అరచెయ్యి పెట్టి, "ఏం లేదు, లెవ్వు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వేడి మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి ఇంట్లో థర్మామీటర్ లేదు. ఎందుకు లేదో ఆ పిల్లకు తెలియదు, నాకు తెలుసు.

మా తమ్ముడు చిన్నప్పటి నుంచీ ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. చర్చిలో ప్రార్థన సగంలో ఉండగానే ఏదో వంకతో బయటికి పోయి చెప్పులు చూసుకుని వచ్చేవాడు. ఇప్పటికీ ఫోన్ మాట్లాడుతూ మల్లాపూర్ దాకా నడిచిపోయి, తిరిగి రావడానికి షేర్ ఆటో ఎక్కుతాడు. ఆవిరి యంత్రాల కాలంలో పుట్టిన శాస్త్రాన్ని ఇప్పుడు ఒక్క పరమాణువు దాకా తీసుకుపోతున్నారట, వాడు పట్టుకున్నది ఆ పని. పెళ్లయిన కొత్తలో ఒకసారి వంటింటి గట్టెక్కి కూర్చుని అదంతా చెబుతుంటే, పాలు కాస్తున్న మా అమ్మ అడిగింది, "గంత చిన్నదానికి వేడేంది బిడ్డా?" వాడు గట్టు దిగి అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. "థర్మామీటర్ పెడితే అది జర వేడి గుంజుకుంటదమ్మా. బకెట్ నీళ్లకు ఫరక్ పడదు. గంత చిన్నదానికి పెడితే అదే మారిపోతది. మనకు కనవడేది మనం కెలికినంక మిగిలింది." అమ్మ పాలగిన్నె దించి, "మరి కెలుకుడెందుకు?" అంది. అక్కడే ఉన్న మా మరదలు పకపకా నవ్వింది. పెద్ద వస్తువుల్లో వేడి ఎప్పుడూ వెచ్చని దాని నుంచి చల్లని దానికే పోతుందనీ, మరీ చిన్నవాటిలో అప్పుడప్పుడు ఎదురు తిరుగుతుందనీ, సగటున చూస్తేనే నియమం నిలుస్తుందనీ వాడు ఇంకా చెబుతూనే ఉన్నాడు. సగటు అన్న మాటను అప్పుడు ఎవరమూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఒక చలికాలం, నెలలు నిండకుండానే పిల్ల పుట్టింది. ఉప్పల్ దవాఖానాలో కొన్నాళ్లు గాజు పెట్టెలో ఉంచి, ఇక తల్లి ఛాతీకి ఆనించి గుడ్డ కట్టండి, ఒంటి వేడే దానికి మందు అన్నారు. ఆపరేషన్ తర్వాత మరదలికి జ్వరం పట్టుకుంది. కాబట్టి తండ్రి కూర్చోవాలి. అంగీ విప్పి, కుర్చీలో వెనక్కి వాలి, గంటల తరబడి కదలకుండా. ఈ పని మా తమ్ముడికి పడిందనగానే నాకు లోపల గుబులు మొదలైంది.

పిల్ల చల్లబడితే ప్రమాదమని డాక్టర్ చెప్పడంతో వాడికి నిమ్మళం లేకుండా పోయింది. నర్సు తన వేళకు వచ్చి చూస్తూనే ఉన్నా, కింద మెడికల్ షాపులో సొంత థర్మామీటర్ కొనుక్కొచ్చాడు. గుడ్డ విప్పడం, పిల్ల చంకలో పెట్టడం, చూడడం, మళ్లీ కట్టడం. విప్పినప్పుడల్లా చలిగాలి తగిలి అంకె కాస్త తగ్గేది. తగ్గిందని వాడు ఇంకా తొందరగా విప్పేవాడు. కాళ్లు ఆడిస్తుంటే కుర్చీతో పాటు పిల్ల కూడా ఊగిపోయేది. చూడలేక, "జర నిమ్మళంగుండు, శానా మంది పిల్లలు మంచిగయితరని డాక్టర్ జెప్పలే?" అన్నాను.

"గది సగటు అక్కా. నాకున్నది గీ ఒక్కతే."

ఆ గదిలో నాకెంత భయమేసిందో వాడికి ఇప్పటికీ చెప్పలేదు.

పక్క మంచం మీంచి మరదలు చెయ్యి చాపింది. "గది ఇటియ్యి" అంది. వాడు థర్మామీటర్ ఇచ్చాడు. దాన్ని తలగడ కింద పెట్టేసుకుంది. "అత్తమ్మకు నువ్వే జెప్పినవ్ గదా, చిన్నదాన్ని కెలికితే మారిపోతదని. కెలకకు. ఊకె కూసో."

వాడు రెండు చేతులూ పిల్ల వీపు మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఏమీ తెలుసుకోకుండా కూర్చోవడం వాడికెంత నరకమో నాకు తెలుసు. ముందు కాళ్లాడించడం ఆగింది. తర్వాత దవడ బిగింపు సడలింది. సాయంత్రం నర్సు వచ్చి చూసి, "మంచిగుంది సార్, గిట్లనే కూసోండ్రి" అని వెళ్లింది. నేను పిల్ల పాదం ముట్టుకున్నాను, వాడి ఛాతీ ముట్టుకున్నాను. రెండూ ఒకే వెచ్చన. ఇంటికి పంపేదాకా వాడు అలాగే కూర్చున్నాడు. థర్మామీటర్ మరదలు తిరిగి ఇవ్వలేదు, వాడూ అడగలేదు.

మొన్న నుదుటి మీద పెట్టిన చెయ్యి వాడు ఎంతకీ తియ్యలేదు. "డాడీ, చెయ్యి తియ్యి, లేస్తున్న గదా" అని పిల్ల విసుక్కుంది. చల్లారిన టీ తనంతట తాను వేడెక్కదు కాబట్టే కాలానికి ముందూ వెనకా ఉన్నాయని మా తమ్ముడంటాడు. ఆ కుర్చీలో వాడి ఒంట్లోంచి పోయిన వేడి కూడా తిరిగి రాదు. అది జడలు ఎగరేసుకుంటూ బడి బస్సు కోసం పరిగెత్తింది, వెనక్కి చూడనైనా చూడకుండా.